ఫెర్మానా నీళ్లు

శ్రోతలకు నమస్కారం.

ఉత్తర ఐర్లాండులో ఫెర్మానా అనే కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే. అక్కడివారు నవ్వుతూ చెప్పుకునే మాట ఒకటుంది: ఆరు నెలలు సరస్సులు ఫెర్మానాలో ఉంటాయట, తక్కిన ఆరు నెలలు ఫెర్మానాయే సరస్సుల్లో ఉంటుందట.

దక్షిణాన కావన్ కౌంటీలో పుట్టిన ఎర్న్ నది ఇక్కడికి రాగానే పరుగు మాని పరుచుకుంటుంది. ఎగువ ఎర్న్, దిగువ ఎర్న్ అని రెండు సరస్సులు. పటం చూస్తే మొదట తికమక తప్పదు: ఎగువది కింద, దిగువది పైన కనిపిస్తాయి. నీరు ఉత్తరానికి పారుతుంది మరి. రెండింటి నడుమ, నది చీలి మళ్లీ కలిసే చోట, ఒక లంక మీద ముఖ్యపట్టణం ఎనిస్కిల్లెన్ వెలసింది.

నేల చాలా చోట్ల బరువైన బంకమట్టి, వాన నీరు ఓ పట్టాన ఇంకదు. అందుకే పైర్ల కన్నా పచ్చిక ఎక్కువ, పశువులే రైతు ఆస్తి. లంకల్లో మేతకు వాటిని అడుగు చదునుగా ఉండే పడవల్లో దాటించేవారు. ఆ పడవ పేరు కాట్. నడినీటిలో ఆవు బెదిరితే పడవవాడి పాట్లు మీరే ఊహించుకోండి.

1921లో ఐర్లాండు రెండుగా చీలినప్పుడు ఈ కౌంటీ సరిహద్దు అంచున పడింది. బెల్కూ అనే ఊరు ఇటు ఉత్తర ఐర్లాండులో, బ్లాక్‌లయన్ అనే ఊరు అటు ఐర్లాండు దేశంలో. మధ్య ఒక వంతెన, అంతే. తరువాతి కల్లోలంలో, అంటే ఉత్తర ఐర్లాండు బ్రిటన్‌తో ఉండాలా వద్దా అని దశాబ్దాల పాటు సాగిన హింసలో, బ్రిటిష్ సైన్యం చిన్న దారులెన్నింటినో గుంతలు తవ్వి, కాంక్రీటు దిమ్మెలు పెట్టి మూసేసింది. పక్క పొలానికి చుట్టు తిరిగి వెళ్లవలసి వచ్చింది. 1987 నవంబరు 8న, ఎనిస్కిల్లెన్‌లో యుద్ధ మృతుల స్మారకం దగ్గర బాంబు పేలి 11 మంది చనిపోయారు. ఆ గాయం గురించి ఊళ్లో ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారనుకుంటాను.

చిత్రమేమిటంటే, నీటి విషయంలో మాత్రం సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న రెండు ప్రభుత్వాలూ ముందే రాజీపడ్డాయి. నది దిగువన విద్యుత్తు, ఎగువన ముంపు నివారణ కోసం 1950లోనే ఇద్దరూ చట్టాలు చేశారు. 1860లో తెరిచి, పదేళ్లు తిరగకుండానే వదిలేసిన కాలువ ఒకటి 1994లో బాగుపడి, ఎర్న్‌ను షానన్ నదితో మళ్లీ కలిపింది. ఇప్పుడు పడవలు సరిహద్దు దాటుతున్నా దాటినట్టే తెలియదు.

దిగువ సరస్సులో బోవా అనే దీవి ఉంది. అక్కడి పాత శ్మశానంలో, గడ్డి మధ్య, రెండు ముఖాల రాతి విగ్రహం నిలబడి ఉంటుంది. ఒకటి ఇటు చూస్తే ఒకటి అటు. రెండు తలల నడుమ చిన్న గుంట. అందులో వాన నీరు నిలుస్తుంది, వచ్చినవాళ్లు నాణేలు వేసి పోతారు.