స్పానిష్‌లో నువ్వెవరు, మీరెవరు?

స్పానిష్ మొదలుపెట్టిన మొదటి వారంలోనే మన తెలుగువాళ్లకి ఒక ధీమా వచ్చేస్తుంది. తూ అంటే నువ్వు, ఉస్తేద్ అంటే మీరు, అంతేగా, పుట్టినప్పటి నుంచి మనకి అలవాటైన గొడవే కదా అని. సగం నిజమే, మిగతా సగం దగ్గరే బోల్తా పడతాం.

ఎలా ఉన్నావని ఫ్రెండ్‌ని అడిగితే "కోమో ఎస్తాస్?", ఎలా ఉన్నారని పెద్దావిడని అడిగితే "కోమో ఎస్తా?"

(స్క్రీన్ మీద రెండూ ఒకదాని కింద ఒకటి, చివరి 'స్' ఎర్రగా)

'స్' ఎగిరిపోయింది, చూశారా? ఉస్తేద్ పక్కన వచ్చేది 'ఆయన, ఆవిడ'ల క్రియ. ఉస్తేద్ పుట్టిందే "వుయెస్త్రా మెర్సెద్" (అంటే 'మీ దయ') అరిగి అరిగి, మన పాతకాలం 'తమరు' లాంటి మర్యాద అనుకోండి, ఎదురుగా ఉన్న మనిషి గురించి పక్కవాడితో చెబుతున్నట్టు మాట్లాడటం. ఇంగ్లీష్ మీదుగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ జుట్టు పీక్కుంటారు, మనకేం ఖర్మ? "మీరు వచ్చారు", "ఆయన వచ్చారు", రెండిట్లోనూ తోక ఒకటే కదా! పైగా స్పానిష్‌లో తూ, ఉస్తేద్ అనే మాటల్ని చాలాసార్లు మింగేస్తారు, మర్యాదంతా ఆ తోకలోనే ఉంటుంది.

అసలు తంటా వేరే ఉంది, ఊరు మారితే లెక్క మారుతుంది. స్పెయిన్‌లో షాపువాడు మిమ్మల్ని చూడగానే తూ అనేయొచ్చు, వీడెవడ్రా ఏకవచనంలో దిగాడని ఉడుక్కోకండి, అక్కడ అది మామూలు. మెక్సికోలో పెద్దవాళ్లతో ఉస్తేద్ వాడకపోతే మాత్రం మీ పెంపకం మీదికొస్తుంది. ఇక కొలంబియా రాజధాని బొగోతాకి వెళ్తే, అన్నదమ్ములూ ప్రాణస్నేహితులూ కూడా ఒకరినొకరు ఉస్తేద్ అనుకోవడం వింటారు, అక్కడ అది దూరం కాదు, చనువు. కోస్టారికాలో పిల్లలతో కూడా అంతే. అర్జెంటీనాలో తూ అనేదే వినపడదు, దాని బదులు వోస్, క్రియ కూడా కొంచెం మారి 'తియెనెస్' (నీ దగ్గర ఉంది) కాస్తా 'తెనేస్' అవుతుంది. తమాషా ఏంటంటే ఈ వోస్ ఒకప్పుడు గౌరవవాచకమే, వాడకం ఎక్కువై విలువ దిగజారింది.

ఇక నలుగురితో మాట్లాడాలంటే, లాటిన్ అమెరికాలో అందరికీ ఉస్తేదెస్, టెన్షన్ లేదు. స్పెయిన్‌లో ఫ్రెండ్స్ గుంపుకి వొసోత్రోస్ నేర్చుకోవాల్సిందే.

నేనైతే లాటిన్ అమెరికాలో కొత్తవాళ్లతో ఉస్తేద్‌తోనే మొదలుపెట్టమంటాను. చనువు కావాలనుకుంటే వాళ్లే "తుతేయమె" అంటారు, అంటే నన్ను తూ అను అని, దానికి అక్కడ ఏకంగా ఒక క్రియే ఉంది. అప్పటిదాకా ఏది మొదలుపెట్టారో దాని మీదే ఉండండి. ఉస్తేద్ అని మొదలుపెట్టి మధ్యలో ఎస్తాస్‌లోకి జారితే, వాళ్ల చెవికి అది "మీరు ఎప్పుడొచ్చావ్?" అన్నట్టే.