మెడ సర్జరీ: చర్మం కింద జరిగే అసలు పని

[తెరపై: పక్కనుంచి గీసిన ముఖం. గడ్డం చివర నుంచి మెడలోకి దిగే మలుపు మీద ఎర్ర గీత.]

నమస్కారం. మెడకు సర్జరీ అనగానే సాగిన చర్మాన్ని చెవి వెనక్కి లాగి, ఎక్కువైంది కత్తిరించి కుట్టేస్తారని అనుకుంటాం. 1970ల దాకా దాదాపు అదే చేసేవారు కూడా. కొన్నాళ్లు బాగానే ఉండేది, తర్వాత మళ్లీ సాగేది. చర్మం ఎంత లాగితే అంత సాగే పదార్థం కదా. మరీ బిగించి కుడితే ఇంకో ఇబ్బంది. చెవి తమ్మె కిందికి దిగిపోయేది, మచ్చ వెడల్పయ్యేది, మనిషిని చూడగానే ఆపరేషన్ అయిందని తెలిసిపోయేది.

మెడ సాగిందని మనం ఒక్క మాటలో అనేస్తాం. లోపల చూస్తే ఆ మార్పు నాలుగైదు పొరల్లో ఎక్కడైనా జరిగి ఉండొచ్చు. ఏ పొరలో జరిగిందో తేల్చుకోకుండా సర్జరీకి వెళ్తే డబ్బు పోవడం ఒక్కటే నష్టం కాదు, మెడ ముందుకంటే పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. అందుకే ముందు పొరలు చూద్దాం, ఆ తర్వాతే కత్తి.

[తెరపై: మెడ అడ్డకోత బొమ్మ. చర్మం, కొవ్వు, పల్చటి కండరం, దాని కింద మళ్లీ కొవ్వు, గ్రంథులు, ఎముక.]

అన్నిటికన్నా పైన చర్మం. దాని కింద కొవ్వు. ఆ కొవ్వు కింద ప్లటిస్మా అనే కండరం. ఈ కథలో ముఖ్యపాత్ర దానిదే. ఛాతీ పైభాగంలో, కాలర్ ఎముకకు కాస్త కింద మొదలై మెడ మీదుగా దవడ అంచు దాటి ముఖం కింది భాగం దాకా వెళ్తుంది. చాలా పల్చగా, వెడల్పుగా ఉంటుంది. కుడి వైపు ఒకటి, ఎడమ వైపు ఒకటి. గడ్డం కింద ఈ రెండూ కొందరిలో బాగా అల్లుకుని ఉంటాయి, కొందరిలో అసలు కలవవు. కలవని వాళ్లలో వయసు మీద పడేకొద్దీ మధ్య అంచులు విడిగా తేలి, గడ్డం నుంచి కిందికి రెండు తాళ్లలా నిలబడతాయి. డాక్టర్లు వాటిని ప్లటిస్మా బ్యాండ్లు అంటారు.

ఆ కండరం కింద మళ్లీ కొంత కొవ్వు. పక్కనే డైగాస్ట్రిక్ అనే చిన్న కండరాలు, దవడ కింద లాలాజల గ్రంథులు. అన్నిటికీ ఆధారంగా దవడ ఎముక, గొంతు పైభాగంలో ఉండే హయాయిడ్ ఎముక. హయాయిడ్ పుట్టుకతోనే కిందికి ఉన్నవాళ్లకు ఇరవై ఏళ్ల వయసులో, సన్నగా ఉన్నా గడ్డం కింద మలుపు సరిగ్గా కనిపించదు. డబుల్ చిన్ అని బాధపడి పొట్ట మాడ్చుకునే కుర్రవాళ్లలో కొందరి సమస్య ఇదే. తిండి తగ్గిస్తే ఆ ఎముక పైకి జరగదు.

[తెరపై: అద్దం ముందు కూర్చున్న మనిషి. వేళ్లతో గడ్డం కింద పట్టుకోవడం దగ్గరగా చూపాలి.]

మీ మెడలో ఏ పొర సంగతో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. అద్దం ముందు తల నిటారుగా పెట్టి కూర్చోండి. గడ్డం కింద మెత్తగా ఉన్న చోట బొటనవేలు, చూపుడువేలితో పట్టుకోండి. వదలకుండా, పళ్లు బిగించి, కింది పెదవిని గట్టిగా కిందికి లాగుతూ "ఈ" అనండి. ప్లటిస్మా బిగుసుకుంటుంది. వేళ్ల మధ్య కొవ్వు అలాగే ఉండిపోతే అది కండరానికి పైన ఉన్న కొవ్వు. వేళ్లలోంచి చాలావరకు లోపలికి జారిపోతే, అది కండరం కిందది. ఇప్పుడు వేళ్లు తీసేసి అదే "ఈ" మళ్లీ అనండి. నిలువుగా తాళ్లు తేలాయంటే బ్యాండ్లున్నట్టు. చర్మాన్ని కాస్త లాగి వదిలితే వెంటనే వెనక్కి వెళ్తోందా, నెమ్మదిగా సర్దుకుంటోందా అనేది కూడా చూడండి.

సర్జన్లు కూడా మొదట చేసేది ఇలాంటి పరీక్షే. 1980లో ఎల్లెన్‌బోగెన్, కార్లిన్ అనే ఇద్దరు సర్జన్లు యవ్వనంలోని మెడకు ఐదు గుర్తులు రాశారు: దవడ అంచు స్పష్టంగా కనిపించడం, హయాయిడ్ కింద చిన్న లోతు, కంఠమణి కాస్త తేలడం, మెడ పక్కన ఏటవాలుగా దిగే కండరం ముందు అంచు కనిపించడం, గడ్డానికీ మెడకూ మధ్య కోణం 105 నుంచి 120 డిగ్రీలు ఉండడం. ఈ వివరాలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అయితే ఆ కొలతలు అందరి మెడకూ సరిపోవాలని పట్టుబట్టడం సరికాదని నా అభిప్రాయం. అడ్డంగా ఉండే గీతల సంగతే చూడండి. శంఖం లాంటి మెడ, దాని మీద మూడు రేఖలు అని మన కావ్యాలు మెచ్చుకున్నాయి. ఆ గీతలు చాలామందికి యవ్వనంలోనే ఉంటాయి. మెడ లిఫ్ట్ వాటిని పెద్దగా తగ్గించదు కూడా.

[తెరపై: 1974, 1976, 1990 అని కాలరేఖ.]

చర్మం లాగడం నుంచి సర్జరీ ఎలా మారిందో చెప్తాను. స్వీడన్‌కు చెందిన సర్జన్ టోర్డ్ స్కూగ్ 1974లో ప్రచురించిన పద్ధతిలో చర్మాన్ని విడిగా లాగలేదు. ప్లటిస్మాతో కలిపి ఒకే పొరగా లేపి పైకి జరిపాడు. 1976లో ఫ్రాన్స్‌లో మిట్జ్, పేరొనీ ముఖంలో చర్మం కింద ఉండే స్మాస్ అనే గట్టి పొరను వర్ణించారు. మెడలో ప్లటిస్మాకు అది కొనసాగింపు. అప్పటి నుంచి బరువు మోసే పని ఈ లోపలి పొరకు ఇచ్చి, చర్మాన్ని దాని మీద బిగువు లేకుండా పరచడం మొదలైంది. ఫలితం ఎక్కువ కాలం నిలవడానికీ, మచ్చ సన్నగా ఉండడానికీ కారణం ఇదే.

ఇక పద్ధతులు. చర్మం బిగువు బాగుండి, కండరానికి పైన కొవ్వు మాత్రమే ఎక్కువైన వాళ్లకు లైపోసక్షన్, అంటే కొవ్వును గొట్టంతో పీల్చి తీయడం, చాలు. ఎక్కువగా నలభై లోపు వాళ్లు. ఫ్రాన్స్‌లో ఇల్లూజ్ ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాడు. 1987లో అమెరికా డెర్మటాలజిస్టు జెఫ్రీ క్లైన్ సెలైన్‌లో మత్తుమందు, రక్తనాళాలను బిగించే ఎపినెఫ్రిన్ కలిపి ఎక్కించే విధానం ప్రచురించాక రక్తం పోవడం బాగా తగ్గింది. గడ్డం కింద, చెవి తమ్మెల వెనక చిన్న రంధ్రాలు, సన్నటి గొట్టం. చూడ్డానికి తేలిక. అందుకే దీంట్లోనే అతిగా చేసేయడం ఎక్కువ. చర్మానికి అంటుకుని పల్చటి కొవ్వు పొర మిగలాలి. మొత్తం పీల్చేస్తే చర్మం నేరుగా కండరానికి అతుక్కుని గుంటలు, ముడతలు పడతాయి. మధ్యలో కొవ్వంతా తీసేసి బ్యాండ్లను అలాగే వదిలేస్తే నడుమ గుంట పడి, పక్కల తాళ్లు తేలుతాయి. దీనికి సర్జన్లు పెట్టుకున్న పేరు కోబ్రా నెక్. మళ్లీ సరిచేయడం చాలా కష్టం, ఎందుకంటే తీసేసిన కొవ్వును సాఫీగా తిరిగి నింపడం తేలిక కాదు.

[తెరపై: యానిమేషన్. గడ్డం కింద చిన్న కోత, లోపల రెండు కండరం అంచులు.]

బ్యాండ్లు ఉన్నవాళ్లకు ప్లటిస్మాప్లాస్టీ. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. గడ్డం కింద సహజంగా ఉండే మడత ఉంది కదా, సరిగ్గా అందులో కోస్తే ఆ మడత ఇంకా లోతవుతుంది. కాబట్టి చాలామంది సర్జన్లు దానికి కొద్దిగా వెనక, సుమారు మూడు సెంటీమీటర్ల కోత పెడతారు. చర్మాన్ని కొవ్వుతో సహా జాగ్రత్తగా లేపుతారు. లైటు ఉన్న పరికరంతో లోపలికి చూస్తే ఎర్రగా, పల్చగా రెండు కండరం అంచులు కనిపిస్తాయి. వాటిని మధ్యకు తెచ్చి గడ్డం నుంచి కిందికి కుట్టుకుంటూ వెళ్తారు. 1990లో అమెరికా సర్జన్ జోయెల్ ఫెల్డ్‌మన్ ప్రచురించిన కార్సెట్ పద్ధతిలో ఒకే దారంతో కిందికి వెళ్లి మళ్లీ పైకి వస్తూ, బూట్ల లేసు బిగించినట్టు మెడ మలుపు సన్నబడేలా బిగిస్తారు. బ్యాండు మరీ గట్టిగా ఉంటే కింద కొంత భాగాన్ని అడ్డంగా కోసి దాని లాగుడు తగ్గిస్తారు.

మధ్యలో కుట్టాక కూడా పక్కల చర్మం ఎక్కువుంటే చెవి చుట్టూ కోత తప్పదు. చెవి ముందు నుంచి తమ్మె కింద తిరిగి, వెనక మడతలో పైకి వెళ్లి, జుట్టులోకి లేదా జుట్టు అంచు వెంట సాగుతుంది. ప్లటిస్మా పక్క అంచును చెవి వెనక గట్టి కణజాలానికి కుడతారు. దవడ మీద బుగ్గలు జారినవాళ్లకు మెడ ఒక్కటే చేస్తే సరిపోదు. ఫేస్‌లిఫ్ట్ కూడా కలిపి చేయాల్సి వస్తుంది, ఎందుకంటే ముఖంలో స్మాస్, మెడలో ప్లటిస్మా కలిసి ఒకే పొర.

కండరం కింద కొవ్వు, ఉబ్బిన డైగాస్ట్రిక్, కిందికి దిగిన లాలాజల గ్రంథి ఉన్నవాళ్లకు డీప్ నెక్ లిఫ్ట్, అంటే ప్లటిస్మా కిందికి వెళ్లి చేసే సర్జరీ. సోషల్ మీడియాలో ఇప్పుడు దీని గురించే హడావిడి. మంచి చేతుల్లో ఫలితం చాలా స్పష్టంగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ గ్రంథిలో కొంత భాగం తీయడం మీద సర్జన్ల మధ్యే భిన్నాభిప్రాయాలున్నాయి. అక్కడ రక్తనాళాలు ఉన్నాయి, లోపల రక్తం చేరితే శ్వాసమార్గాన్ని నొక్కే ప్రమాదం ఉంది, కొందరిలో లాలాజలం లోపల నిల్వ చేరుతుంది. వీడియో రీల్ చూసి ఫలానా ఆపరేషనే కావాలని అడిగి చేయించుకునే పని మాత్రం ఇది కాదు. పరీక్షలో గ్రంథి నిజంగా తేలి కనిపిస్తేనే ఆ చర్చకు అర్థముంది.

వెనక్కి ఉన్న గడ్డం గురించి మర్చిపోతుంటాం. చిన్న గడ్డం ఉంటే మెడ ఎంత బిగించినా కోణం రాదు. గడ్డానికి ఇంప్లాంట్ పెట్టడమో, ఎముకనే ముందుకు జరిపే జీనియోప్లాస్టీయో కలిపితే తక్కువ పనితో ఎక్కువ మార్పు కనిపిస్తుంది.

పెద్ద వయసు మగవాళ్లకు ఇంకో దారి ఉంది. చెవి చుట్టూ పెద్ద సర్జరీ వద్దనుకుంటే, గడ్డం కింద ఎక్కువైన చర్మాన్ని నేరుగా తీసేసి, మచ్చ ఒకే నిలువు గీతలా బిగుసుకోకుండా జడ్ ఆకారంలో కుడతారు. మచ్చ మెడ ముందు భాగంలోనే కనిపిస్తుంది కాబట్టి అందరికీ నచ్చదు. గడ్డం పెంచుకునేవాళ్లకు అది అంత సమస్య కాదు. ఇక చెవి ముందు కోత పెట్టేటప్పుడు, గడ్డం వెంట్రుకలున్న చర్మం చెవి మీదికి జరిగిపోకుండా ప్లాన్ చేయాలి. లేకపోతే చెవికి కూడా షేవింగ్ చేసుకోవాల్సి వస్తుంది.

సర్జరీ లేని మార్గాలను త్వరగా చెప్పేస్తాను. కొవ్వు కరిగించే డీఆక్సీకోలిక్ ఆమ్లం ఇంజెక్షన్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో అనుమతిచ్చింది. బ్యాండ్లకు బొటాక్స్‌ను 2024లో అనుమతించింది. బొటాక్స్ ప్రభావం కొన్ని నెలలే. రెండూ సాగిన చర్మాన్ని తీసేయలేవు. దారాలతో చేసే థ్రెడ్ లిఫ్ట్ బరువైన మెడకు పనికిరాదు.

[తెరపై: మెడ వెనక నల్లబడిన చర్మం బొమ్మ.]

మన వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సినవి ఉన్నాయి. మెడ చుట్టూ చర్మం నల్లగా, మందంగా, మఖమల్‌లా మారితే అది మురికీ కాదు, వయసూ కాదు. ఎక్కువగా ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడానికి గుర్తు. షుగర్ టెస్టు చేయించండి, దానికి సర్జరీ లేదు. గొంతు ముందు ఉబ్బు మింగేటప్పుడు పైకీ కిందికీ కదిలితే థైరాయిడ్ చూపించుకోండి. మన చర్మం మీద మచ్చ నల్లబడడం, కీలాయిడ్‌లా ఉబ్బడం ఎక్కువ. చెవి కుట్టించుకున్న చోట గడ్డలా పెరిగిన అనుభవం ఉంటే ఆ సంగతి సర్జన్‌కు మొదటి రోజే చెప్పాలి. అందాన్ని మెరుగుపరిచే సర్జరీకి మామూలుగా హెల్త్ ఇన్సూరెన్స్ వర్తించదు, అది కూడా ముందే లెక్కలో పెట్టుకోండి.

ప్రమాదాల్లో ఎక్కువగా వచ్చేది హెమటోమా, అంటే చర్మం కింద రక్తం చేరడం. చాలావరకు మొదటి 24 గంటల్లోనే వస్తుంది. మగవాళ్లలో, బీపీ అదుపులో లేనివాళ్లలో ఎక్కువ. ఒక వైపు నొప్పి ఉన్నట్టుండి పెరగడం, బిగుసుకుపోవడం, వాపు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే మాత్ర వేసుకుని పడుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సిగరెట్ తాగేవాళ్లకు చెవి వెనక చర్మానికి రక్తం సరిగ్గా అందక అది నల్లబడి పోవచ్చు. సర్జరీకి కనీసం నాలుగు వారాల ముందు మానేయాలి, తర్వాత కూడా ముట్టకూడదు. ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందులు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, గుండె డాక్టర్‌ను అడిగాకే.

చెవి తమ్మె కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల పాటు మొద్దుబారి ఉంటుంది. ఆ సమయంలో బుట్టకమ్మలు లాగుతున్నా తెలియదు. బరువైనవి పెట్టుకోకండి. దవడ అంచు వెంట వెళ్లే నరం దెబ్బతింటే నవ్వినప్పుడు కింది పెదవి ఒక వైపుకు వంగుతుంది. ఎక్కువ మందిలో అది మెల్లగా తిరిగొస్తుంది. కమిలిన రంగు రెండు వారాల్లో తగ్గుతుంది, వాపు పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది. కూతురి పెళ్లికి ముందు నెలలో చేయించుకుందాం అనే ఆలోచన వద్దు.

[తెరపై: ఒకే మనిషి రెండు ఫొటోలు. ఒకదాంట్లో తల వంచి, ఇంకోదాంట్లో గడ్డం ఎత్తి.]

డాక్టర్‌ను ఎంచుకునేటప్పుడు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ఉందో లేదో చూడండి. మత్తు డాక్టర్ ఎవరు, ఆ రాత్రి ఏదైనా జరిగితే ఆపరేషన్ థియేటర్ తెరుస్తారా అని అడగండి. "నా మెడలో ఏ పొర సమస్య?" అని నేరుగా అడగండి. ఆ సమాధానం బొమ్మ గీసి చెప్పగలిగితే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. తర్వాత ఫొటోలు చూపించమనండి. మన రంగు చర్మం ఉన్నవాళ్లవి, సర్జరీ అయి ఏడాది దాటినవి, పక్కనుంచి తీసినవి. తెరపై ఉన్న ఈ రెండు ఫొటోలు చూడండి. ఒకే మనిషి, ఒకే రోజు, ఏ సర్జరీ లేదు. రెండోదాంట్లో గడ్డం కాస్త పైకెత్తారు, లైటు పైనుంచి పడుతోంది, అంతే. మీకు చూపించే "సర్జరీకి ముందు", "సర్జరీ తర్వాత" ఫొటోల్లో తల ఒకే ఎత్తులో ఉందో లేదో చెవి రంధ్రం, కంటి కింది అంచు కలిపే గీత చూసి పోల్చుకోండి.