ఒక్క గొంతుతో హార్మొనీ: ప్లస్ 4 కొడితే ఎందుకు అపశ్రుతి వస్తుంది?

(స్క్రీన్ మీద ఒక వాయిస్ ట్రాక్. ప్లే అవుతుంది: స రి గ, గ మ ప, ప మ గ రి స)

ఇది నా గొంతే, ఒకే ఒక్క టేక్. సి మేజర్ స్కేల్, అంటే ఒకటి శ్రుతి, శంకరాభరణం స్వరాలు. దీనికి పైన ఒక హార్మొనీ, అంటే పాటతో పాటే వేరే స్వరాల మీద నడిచే రెండో గొంతు, వేశాను, అది కూడా కలిపి వినండి.

(రెండు ట్రాకులు కలిపి ప్లే అవుతాయి)

మొదటి స్వరం దగ్గర ఎంత హాయిగా ఉంది! రెండో స్వరానికే ఏదో గుచ్చుకుంది, మూడోదానికి ఇంకా గట్టిగా గుచ్చుకుంది, మధ్యలో కాసేపు సర్దుకుని మళ్లీ చెడింది. ఇది కావాలనే చేశాను, ఎందుకంటే నాకు మిక్సింగ్‌కి వచ్చే ఫైళ్లలో అచ్చం ఇలాంటివే ఉంటాయి. క్రిస్మస్ ముందు చర్చి క్వయర్ వాళ్లు పంపేవి, కవర్ సాంగ్స్ చేసే కుర్రాళ్లవి, పెళ్లి వీడియో కోసం ఒక్కతే పాడి అక్కాచెల్లెళ్లు కలిసి పాడినట్టు చెయ్యాలనుకున్న అమ్మాయిలవి, అన్నిట్లో ఇదే తప్పు. ఫైల్‌తో పాటు ఒక మెసేజ్ కూడా ఉంటుంది: "అన్నా, నా గొంతు హార్మొనీకి పనికిరాదనుకుంటా." అది చదివినప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది. గొంతు తప్పేమీ లేదు. జరిపిన లెక్క తప్పు. ఈ వీడియో ఆ ఒక్క లెక్క కోసమే.

హార్మొనీ అనగానే చాలామంది ముందు వేసేది థర్డ్, అంటే మూడో స్వరం, స కి గ. కీబోర్డు మీద పక్కపక్క మీటల మధ్య దూరం ఒక సెమిటోన్, స నుంచి గ కి నాలుగు సెమిటోన్లు. సరే అని ట్రాక్‌ని కాపీ చేసి, శ్రుతిని జరిపే పిచ్ షిఫ్ట్‌లో ప్లస్ 4 కొట్టేస్తారు. కానీ ఆ నాలుగు అనేది స దగ్గర కొలత, పాట మొత్తానికీ అదే కొలత కాదు.

అలిపిరి నుంచి తిరుమలకి నడిచి వెళ్లారా? 3,550 మెట్లు. మీరూ మీ తమ్ముడూ ఎక్కుతున్నారు, వాడు ఎప్పుడూ మీకంటే సరిగ్గా రెండు మెట్లు పైన ఉండాలని ఒప్పందం. మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండవు కదా, కొన్నిచోట్ల పాదం ఎత్తితే చాలు, మోకాళ్ల పర్వతం దగ్గరికి వచ్చేసరికి పేరుకి తగ్గట్టే మోకాళ్లు పట్టేస్తాయి. అందుకని మీకూ వాడికీ మధ్య ఎత్తు ఒకచోట అడుగు ఉంటుంది, ఇంకోచోట అడుగున్నర ఉంటుంది. అయినా వాడు రెండు మెట్లే పైన ఉన్నాడు, ఇద్దరి పాదాలూ రాతి మీదే ఉన్నాయి. హార్మొనీ అంటే అదే. ఇప్పుడు మీ నడుముకీ వాడి నడుముకీ మధ్య వంగని ఇనప కడ్డీ ఒకటి కట్టండి. మొదటి మెట్టు దగ్గర సరిగ్గా కుదిరింది. మీరు తరవాతి మెట్టు ఎక్కగానే కడ్డీ వాణ్ని తనకు తోచినంత ఎత్తుకి తోస్తుంది, వాడి కాలు మెట్టు మీద పడదు, గాలిలో ఉంటుంది. ప్లస్ 4 కొట్టడమంటే కడ్డీ కట్టడం.

(స్క్రీన్ మీద కీబోర్డు, స్వరాల పేర్లు)

స్వరాల్లో చూద్దాం, మనకి ఇంకా తేలిక. స నుంచి రెండు మెట్లు ఎక్కితే గ, నాలుగు సెమిటోన్లు. రి నుంచి మ కి మూడే. గ నుంచి ప కి మూడే. మ నుంచి ద కి నాలుగు, ప నుంచి ని కి నాలుగు. ద నుంచి పై స కి మూడు, ని నుంచి పై రి కి మూడు. ఏడింటిలో మూడు చోట్ల నాలుగు, నాలుగు చోట్ల మూడు. అంటే ప్లస్ 4 కొట్టినవాళ్లకి సగానికి పైగా స్వరాలు తప్పుతాయి. రి మీద మన మ కి బదులు ప్రతి మధ్యమం వచ్చింది, గ మీద ప కి బదులు శుద్ధ ధైవతం వచ్చింది, ద మీద స కి బదులు శుద్ధ రిషభం, ని మీద మన రి కి బదులు సాధారణ గాంధారం. శంకరాభరణంలో ఈ నాలుగింటికీ చోటు లేదు. మీకు సంగీతం రాకపోయినా చెవికి అది తెలిసిపోతుంది, అందుకే ముఖం చిట్లించారు. ప్లస్ 3 కొట్టినా అదే కథ, ఈసారి స, మ, ప ల మీద తప్పుతుంది.

కాబట్టి ట్రాక్ మొత్తాన్ని జరపకూడదు, ఒక్కో స్వరాన్ని విడిగా జరపాలి. పిచ్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్ పనికొచ్చేది ఇక్కడే. శ్రుతి తప్పినవాళ్లకి మాత్రమే ఇదంతా అనుకుంటారు, నేను ఒప్పుకోను. 1997లో ఆటో-ట్యూన్ తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు వెతికే పనిలో ఉండేవాడు, భూమిలోకి శబ్దాన్ని పంపి, తిరిగొచ్చిన తరంగాల్ని విడదీసి చదివే లెక్కలు ఆయనవి. అలాంటి లెక్కలతోనే గొంతులో ఒక క్షణానికి శ్రుతి ఎంతో పట్టుకోవచ్చని ఆయన చూపించాడు. శ్రుతి ఎక్కడుందో తెలిస్తే దాన్ని ఎక్కడికి పంపాలో మనం చెప్పొచ్చు. దిద్దడం అందులో ఒక ఉపయోగం మాత్రమే, నాకైతే హార్మొనీ కట్టుకోవడమే దీని అసలు అందం.

(స్క్రీన్ మీద మెలోడైన్)

నేను మెలోడైన్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఇలాంటిది ఉండొచ్చు: లాజిక్‌లో ఫ్లెక్స్ పిచ్, క్యూబేస్‌లో వేరిఆడియో, రీపర్‌లో రీట్యూన్ ఉన్నాయి, ఏది ఉంటే అది చాలు, దీని కోసం కొత్తగా కొనకండి. ముందు అసలు పాట ట్రాక్‌ని దిద్దుకోండి, ఆ తరవాతే కాపీ చెయ్యండి. ఈ వరస తిరగేస్తే మొదటి ట్రాక్‌లో ఉన్న తప్పులన్నీ హార్మొనీలోకి కూడా వెళ్లి, దిద్దే పని రెట్టింపవుతుంది. ఇంకొకటి, రివర్బ్, అంటే గదిలో మోగే ప్రతిధ్వని, లేని పొడి రికార్డింగ్ కావాలి. రివర్బ్ ఉంటే పోయిన స్వరం తాలూకు తోక కొత్త స్వరం కింద ఇంకా మోగుతుంటుంది, సాఫ్ట్‌వేర్‌కి ఏ స్వరం ఎక్కడ మొదలైందో అర్థం కాదు.

మెలోడైన్‌లో ఒక్కో స్వరం ఒక్కో ముద్దలా కనిపిస్తుంది. ఇప్పుడు కాపీ ట్రాక్‌లో ఒక్కో ముద్దని పట్టుకుని రెండు మెట్లు పైకి జరుపుతాను. స వెళ్లి గ దగ్గరికి, రి వెళ్లి మ దగ్గరికి, గ వెళ్లి ప దగ్గరికి. తరవాతి "గ మ ప" కి ప, ద, ని. వినండి.

(ప్లే అవుతుంది)

గాలిలో కాలు లేదు. కానీ "గ మ ప" లో చివరి ప మీద ని పలుకుతోంది, అక్కడ వెనకాల కీబోర్డు మీద సి మేజర్ కార్డ్ పట్టి ఉంది, అంటే స గ ప మూడూ కలిపి మోగుతున్నాయి. రాగం ప్రకారం ని తప్పు కాదు. కానీ ఆ కార్డ్‌లో ని లేదు, పైగా పక్కనే ఉన్న స తో రాసుకుంటోంది. మళ్లీ మన మెట్ల దగ్గరికి రండి: తమ్ముడు అడుగు పెట్టాల్సిన మెట్టు మీద ఎవరో పెద్దావిడ అలసి కూర్చుంది. వాడేం చేస్తాడు? ఇంకో మెట్టు పైకెక్కి నిలబడతాడు. మనం కూడా ఆ ని ని, దాని వెంటే వచ్చే ప మీది ని ని కూడా, పై స కి పంపుతాం. పాట ఆగి నిలబడే స్వరాల దగ్గర వెనకాల ఉన్న కార్డ్‌ని చూడండి, చకచకా దాటిపోయే స్వరాల దగ్గర రెండు మెట్ల లెక్క చాలు. మొత్తం హార్మొనీ ఇలా వచ్చింది: గ మ ప, ప ద స, స ద ప మ గ.

(ప్లే అవుతుంది)

ఇంత తేడా ఉంటుంది! ఈ రెండో రకం ఆలోచన క్వయర్‌లో ఆల్టో, అంటే పాటకి కింద నడిచే ఆడగొంతు, పాడినవాళ్లకి వెంటనే వస్తుంది, వాళ్లు ఏళ్ల తరబడి చెవితో చేస్తున్నది ఇదే.

రాగం మారితే మెట్ల ఎత్తులూ మారతాయి. మోహన తీసుకోండి, స రి గ ప ద, ఐదే మెట్లు. స నుంచి రెండు మెట్లు అంటే గ, నాలుగు సెమిటోన్లు. రి నుంచి ప, ఐదు. గ నుంచి ద, ఐదు. ప నుంచి పై స, ఐదు. ద నుంచి పై రి, అదీ ఐదే. ఒక్క స దగ్గర తప్ప అన్ని చోట్లా ఐదు! మోహనలో ఉన్న పాటకి మేజర్ స్కేల్ హార్మొనీ వేస్తే మ, ని వచ్చి పడతాయి, పాట మోహనలా వినపడదు. అందుకే హార్మొనీ వెయ్యబోయే ముందు ఆ పాటలో ఏ స్వరాలు ఉన్నాయో కాగితం మీద రాసుకోమని చెబుతాను. రెండు నిమిషాల పని.

గమకాల, అంటే స్వరాన్ని ఊపి పాడడం, సంగతి కూడా చెప్పాలి, ఇది మన పాటల్లో ఎక్కువగా వచ్చే చిక్కు, ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో నాకైతే కనపడలేదు. శంకరాభరణంలో గ నుంచి మ కి ఊగే గమకం ఉందనుకోండి, ఆ ఊపు ఒక్క సెమిటోన్. ముద్దని ప కి జరిపితే లోపలి ఊపు అలాగే వస్తుంది, అంటే ప నుంచి ఒక సెమిటోన్ పైకి, శుద్ధ ధైవతానికి ఊగుతుంది. కావాల్సింది చతుశ్రుతి ధైవతం, అంటే శంకరాభరణంలోని ద, రెండు సెమిటోన్లు. పెద్ద మెట్టు కాస్తా చిన్న మెట్టయిపోయింది. ముద్దని రెండుగా కోసి ఒక్కో ముక్కని విడిగా జరపొచ్చు, నేనూ చేశాను, గంటలు పట్టింది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: గమకం నిండుగా ఉన్నచోట హార్మొనీ వద్దు. ఆ సంగతిని ఒక్క గొంతుకే వదిలెయ్యండి, హార్మొనీని నిలకడ స్వరాల దగ్గర తీసుకురండి.

ఇప్పుడు ఫార్మెంట్. టేపు స్పీడు పెంచితే గొంతు చిన్నపిల్లల గొంతులా మారుతుంది కదా. కారణం ఏంటంటే, మనం "ఆ" అన్నప్పుడు శ్రుతి ఏదైనా, నోరూ గొంతూ ఉన్న ఆకారం వల్ల కొన్ని పౌనఃపున్యాలు గట్టిగా మోగుతాయి, మగ గొంతులో "ఆ" కి మొదటిది సుమారు 700 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. వాటినే ఫార్మెంట్లు అంటారు. స పాడినా గ పాడినా అవి దాదాపు అక్కడే ఉండాలి. పాత రకం పిచ్ షిఫ్ట్ శ్రుతితో పాటు వాటినీ లాక్కుపోతుంది, నాలుగు సెమిటోన్లకి 700 కాస్తా 880 అవుతుంది. మన తమ్ముడు రెండు మెట్లు ఎక్కితే ఎత్తులో ఉంటాడంతే, మనిషి కుంచించుకుపోడు కదా! కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో ఫార్మెంట్‌ని కాపాడే ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆ తరవాత కావాలనే కొంచెం, చాలా కొంచెం అటో ఇటో జరిపితే వేరే మనిషి పాడినట్టు ఉంటుంది. ఎక్కువ జరిపితే కార్టూన్ అవుతుంది. ఎంత జాగ్రత్తపడినా పైకి ఐదారు సెమిటోన్లు దాటితే నాకు సహజంగా అనిపించదు, అంతకంటే పైకి కావాలంటే నిజంగా పాడించండి.

ఒక చిన్న విషయం, నాకు చాలా ఇష్టమైనది. తంబురలో మంద్ర స, అంటే కింది స, తీగ మోగుతుంటే అందులోంచి అంతర గాంధారం, అంటే మన పాటలోని గ, దానంతటదే వినిపిస్తుంది, స్వయంభూ గాంధారం అంటారు. ఒక సెమిటోన్ అంటే 100 సెంట్లు, ఆ గ స కి సుమారు 386 సెంట్ల ఎత్తులో ఉంటుంది. కీబోర్డు మీద గ మాత్రం 400. మీ పాటలో గొంతులు, తంబుర తప్ప వేరే వాయిద్యం లేకపోతే, నిలిపి పాడే గ ని 14 సెంట్లు కిందికి దించి చూడండి, రెండు స్వరాల మధ్య ఆ వణుకు ఆగిపోయి గొంతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కీబోర్డు ఉంటే దించకండి, దానితో గొడవపడుతుంది.

టైం చూస్తే చాలా అయింది, మిగతాది గబగబా చెప్పేస్తాను. రెండు ట్రాకులూ ఒకే టేక్ కాబట్టి ప్రతి అక్షరం ఒకే క్షణంలో పడుతుంది, అందుకే మిషన్‌లా ఉంటుంది. హార్మొనీ ట్రాక్‌లో మాటల్ని 10 నుంచి 30 మిల్లీసెకన్లు అటూ ఇటూ జరపండి, అన్నిటినీ ఒకేలా కాదు. స, శ, చ లాంటి అక్షరాల శబ్దం రెట్టింపై చెవిని కోస్తుంది, హార్మొనీలో వాటిని తగ్గించండి, కొన్నిచోట్ల పూర్తిగా కోసేసినా ఎవరికీ తెలియదు, అసలు గొంతు ఉంది కదా. స్వరం లోపలి వణుకుని కూడా కొంచెం తగ్గించండి. కింద 150 హెర్ట్జ్ దాకా ఈక్యూతో కోసెయ్యండి, వాల్యూమ్ అసలు గొంతుకన్నా 6 నుంచి 10 డెసిబెల్స్ తక్కువ, రివర్బ్ కొంచెం ఎక్కువ, హార్మొనీలు రెండుంటే ఒకటి ఎడమకి ఒకటి కుడికి. శ్రుతి మార్చకుండా అదే ట్రాక్‌ని ఊరికే కాపీ చేసి పెడితే ఇద్దరు పాడినట్టు అవ్వదు, 6 డెసిబెల్స్ గట్టిగా వినపడుతుందంతే. డబ్లింగ్ కావాలంటే రెండోసారి పాడండి.

కింది హార్మొనీకి కూడా ఇదే లెక్క, తమ్ముడు రెండు మెట్లు కింద నడుస్తాడు, నిలబడే స్వరం దగ్గర కార్డ్‌కి తగ్గ మెట్టు వెతుక్కుంటాడు. మన పాటకి ఇలా వేశాను: ప ని స, స రి గ, గ రి స ని ప. స కి రెండు మెట్లు కింద ద ఉంటుంది, ఆ కార్డ్‌లో ద లేదు కాబట్టి ఇంకో మెట్టు దిగి ప మీద నిలబెట్టాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మూడు ట్రాకులూ ఒకే టేక్‌లోంచి వచ్చినవే. చివర్లో కింద ప, మధ్యలో స, పైన గ ఆగుతాయి, అక్కడ వినండి.

(మూడు ట్రాకులు కలిపి ప్లే అవుతాయి)