అయోవా చలిలో ఓటేసింది ఎంతమంది? – అమెరికా ప్రైమరీలను బయటినుంచి చదవడం

మిత్రులకు నమస్కారం.

నాలుగేళ్లకోసారి జనవరి రాగానే మన పత్రికల్లో, చానళ్లలో ఒకే తరహా శీర్షికలు మొదలవుతాయి. అమెరికా ఫలానా వైపు తిరిగిందని, అమెరికా నిలువునా చీలిపోయిందని. రేపు ఆ శీర్షికలు పెట్టేది ఇక్కడ కూర్చున్న జర్నలిజం విద్యార్థులే. ప్రైమరీ అంటే పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి ఒక్కో రాష్ట్రంలో జరిగే ఓటింగ్. దాని ఫలితం డెస్కు మీదికి వచ్చినప్పుడు అభ్యర్థి ప్రసంగం తర్వాత చూడండి, ముందు ఆ రాష్ట్రంలో రూల్సు చూడండి. ఎవరు ఓటేయొచ్చు, ఎప్పటిలోగా పేరు నమోదై ఉండాలి, పడ్డ ఓట్లు డెలిగేట్లుగా, అంటే అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ ప్రతినిధులుగా, ఎలా మారతాయి. అమెరికాలో చీలిక నిజమే. కాకపోతే ప్రైమరీలో మనకు కనిపించే చీలికలో కొంత జనానిది, కొంత ఈ రూల్సుది. రెండింటినీ విడదీసి రాయడం మన పని.

మొదట తల లెక్క. 2024 జనవరి 15న అయోవాలో రిపబ్లికన్ కాకస్ జరిగింది. ప్రైమరీకి బదులు పార్టీ సభలో జరిగే ఓటింగ్ అది. గడ్డకట్టే చలి. సాయంత్రం పెట్టిన వేళకి స్వయంగా వెళ్లి, ప్రసంగాలు విని, చీటీ వేసి రావాలి. వచ్చినవాళ్లు సుమారు 1.10 లక్షల మంది. ఆ రాష్ట్రంలో రిపబ్లికన్లుగా నమోదైనవాళ్లే ఏడు లక్షల పైచిలుకు. ట్రంప్‌కు 51 శాతం వచ్చింది. అంటే 56 వేల ఓట్లు. మర్నాడు ప్రపంచమంతా అమెరికా తీర్పు అని రాసింది. ఆ రాత్రి అయోవా పంచింది 40 డెలిగేట్లను, పార్టీ నామినేషన్‌కు, అంటే అభ్యర్థిగా ఖరారు కావడానికి, కావలసింది 1,215. మన దగ్గరైతే ఆ నెలంతా పోటీలో ఉన్న భారత సంతతి అభ్యర్థి వివేక్ రామస్వామి పేరే ఎక్కువ వినిపించింది. ఆయనకు వచ్చింది 8 శాతం లోపే, అదే రాత్రి తప్పుకున్నారు.

దేశం మొత్తం మీద చూసినా ఇంతే. 2016లో రెండు పార్టీల ప్రైమరీలూ కలిపి ఓటేసినవాళ్లు దాదాపు 5.8 కోట్లు, నవంబర్ ఎన్నికలో 13.7 కోట్లు. ప్రైమరీల్లో ట్రంప్‌కు సుమారు 1.4 కోట్లు, హిల్లరీ క్లింటన్‌కు సుమారు 1.7 కోట్లు వచ్చాయి. ఓటు హక్కున్న ప్రతి ఏడుగురిలో ఆరుగురు ప్రైమరీల్లో ఆ ఇద్దరిలో ఎవరికీ ఓటేయలేదు.

ఇక ఎవరు ఓటేయొచ్చన్నది. న్యూయార్క్, ఫ్లోరిడా, పెన్సిల్వేనియాల్లో క్లోజ్డ్ ప్రైమరీ: ఓటరు జాబితాలో మీ పేరు పక్కన ఆ పార్టీ ఉండాలి. టెక్సస్‌లో పార్టీ నమోదే లేదు. ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెప్తే ఇస్తారు, ఆ ఏడాదికి రెండోదానిలో వేయడానికి వీల్లేదు. న్యూయార్క్‌లో 2016 ఏప్రిల్ 19న ప్రైమరీ జరిగితే, పాత ఓటర్లు పార్టీ మార్చుకోవడానికి గడువు 2015 అక్టోబర్ 9తోనే ముగిసింది. ఆరు నెలల ముందు! స్వయానా ట్రంప్ పిల్లలు ఇవాంకా, ఎరిక్ కూడా ఆ తేదీ దాటిపోయి తండ్రికి ఓటేయలేకపోయారు. డెమొక్రాట్ల పోటీలో క్లింటన్‌కు ప్రత్యర్థి అయిన బెర్నీ శాండర్స్ వైపు మొగ్గిన స్వతంత్ర ఓటర్లు ఎంతోమంది అలాగే బయట ఉండిపోయారు. 2019లో చట్టం మార్చి గడువును ఫిబ్రవరికి జరిపారు.

అసలు కీలకం మూడోది, ఓట్లు డెలిగేట్లుగా మారే తీరు. దీన్ని కాగితం మీద వేసి చూడాలి. 2016 ఫిబ్రవరి 20, సౌత్ కరొలినా రిపబ్లికన్ ప్రైమరీ. ట్రంప్ 32.5, రూబియో 22.5, క్రూజ్ 22.3 శాతం. మొత్తం 50 మంది డెలిగేట్లు. రాష్ట్రమంతటా మొదటి స్థానంలో ఉన్నవారికి 29. ఏడు కాంగ్రెస్ నియోజకవర్గాల్లో ఒక్కోదానిలో మొదటివారికి 3 చొప్పున 21. ట్రంప్ అన్నిచోట్లా మొదట నిలిచారు. మూడింట ఒక వంతు ఓట్లకు యాభైకి యాభై! రూబియో, క్రూజ్‌లకు కలిపి 45 శాతం వచ్చినా చేతికందింది సున్నా. వారం తర్వాత అదే రాష్ట్రంలో డెమొక్రాట్ల ప్రైమరీలో క్లింటన్‌కు 73 శాతం వచ్చినా 53 మందిలో 39 మందే దక్కారు. 26 శాతం వచ్చిన శాండర్స్‌కు 14 మంది. డెమొక్రాట్లు 15 శాతం దాటిన ప్రతివారికీ దామాషాలో పంచుతారు కాబట్టి. అదే రాష్ట్రం, వారం తేడా. ఈ రూలు తెలియనివాళ్లకు మొదటిది ప్రభంజనంలా కనిపిస్తుంది.

దీన్నిబట్టి ప్రైమరీలు ఎప్పుడూ అతివాద అభ్యర్థులనే గెలిపిస్తాయని బయటివాళ్లు తేల్చేస్తారు. అది తప్పు. 2020లో బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం. ఫిబ్రవరి 29న సౌత్ కరొలినాలో నల్లజాతి ఓటర్లు ఆయన్ని నిలబెట్టారు. ఆయనలాగే మధ్యేమార్గపు అభ్యర్థులైన బుటిజెజ్ మార్చి 1న, క్లోబుషార్ 2న తప్పుకున్నారు. 3న సూపర్ ట్యూస్‌డే నాడు, అంటే చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే మంగళవారం, 14 రాష్ట్రాల్లో 10 బైడెన్‌వి. మధ్యేమార్గపు ఓటు మూడు రోజుల్లో ఒక్కచోటికి చేరింది. 2016లో రిపబ్లికన్లు చేయలేనిది ఇదే. ట్రంప్ వద్దనుకున్నవాళ్ల ఓటును క్రూజ్, రూబియో, కేసిక్ పంచుకుంటూ పోయారు. క్రూజ్ మే 3న ఇండియానా ఓడాక గానీ వదల్లేదు, కేసిక్ మర్నాడు వదిలారు. ఇక ప్రైమరీ తలుపులు అందరికీ తెరిస్తే చీలిక తగ్గుతుందన్న మాట తరచూ వింటాం. రాష్ట్రాలను పోల్చి చూసిన రాజకీయ శాస్త్రవేత్తలకు అలా పెద్ద తేడా కనబడలేదు. నాకూ ఆ మందు మీద నమ్మకం లేదు. ఓటేయడానికి వచ్చేది ఎలాగూ పట్టుదల ఉన్నవాళ్లే.

మరి మన పద్ధతి మేలా? మన దగ్గర బీ-ఫారం అధిష్ఠానం చేతిలో ఉంటుంది. అమెరికాలోనూ 1968 దాకా దాదాపు అంతే. ఆ ఏడాది షికాగో పార్టీ మహాసభలో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండా డెమొక్రాట్ల అభ్యర్థి అయ్యారు. బయట వీధుల్లో పోలీసులు వియత్నాం యుద్ధ వ్యతిరేక ఆందోళనకారులను చితకబాదుతున్నారు. ఆ కోపంలోంచి పుట్టిన సంస్కరణలే 1972 నుంచి ఓటర్ల చేతికి నామినేషన్ ఇచ్చాయి. దాన్ని వెనక్కి తీసుకోమని సలహా ఇచ్చే బయటివాళ్లు ఆ వీధుల్ని మరిచిపోతున్నారు.

బ్రిటన్‌ను చూడండి. 2022లో పార్టీ నాయకత్వ ఎన్నికలో కన్సర్వేటివ్ ఎంపీలు రిషి సునాక్‌ను మొదట నిలిపారు, 137 ఓట్లు. లిజ్ ట్రస్‌కు 113. తర్వాత సుమారు 1.72 లక్షల మంది సభ్యులకు బ్యాలెట్లు వెళ్తే ట్రస్ 81,326 ఓట్లతో గెలిచి ప్రధాని అయ్యారు. ఏడు వారాలకే దిగిపోయారు. డబ్బు కట్టి సభ్యులైన ఆ కొద్దిమందికన్నా అమెరికా ప్రైమరీ ఎన్నో రెట్లు విశాలం. అర్జెంటీనా ఇంకో దారి పట్టింది. 2009 చట్టంతో ప్రైమరీలో ఓటు అందరికీ తప్పనిసరి చేసింది. 2025లో దాన్ని పక్కన పెట్టింది. ఆ మాటకొస్తే అమెరికాలోనే 2024 ఆగస్టులో కమలా హారిస్ నామినేషన్ కూడా ఓటర్ల నుంచి కాదు, డెలిగేట్ల నుంచే వచ్చింది. బైడెన్ జూలై 21న తప్పుకుంటే రెండు వారాల్లో ఆన్‌లైన్ ఓటింగ్ ముగించారు. పాత దారి పూర్తిగా మూసుకుపోలేదన్నమాట.

చివరగా మన పాఠకులకు అక్షరాలా పనికొచ్చేది. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఉన్న తెలుగువాళ్ల ఓటు గురించి రాసేటప్పుడు పౌరులనూ వీసాదారులనూ కలిపేయకండి. అధ్యక్ష ప్రైమరీలో ఓటు పౌరులకే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఓటేయలేరు గానీ చట్టప్రకారం విరాళం ఇవ్వొచ్చు. 2024లో ఒక అభ్యర్థికి ప్రైమరీకి 3,300 డాలర్లు, నవంబర్ ఎన్నికకు విడిగా మరో 3,300. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు విరాళం కూడా నిషిద్ధం. ఇంకోటి తప్పకుండా రాయండి: చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్స్ దరఖాస్తులోనే ఓటరు నమోదు ప్రశ్న ఉంటుంది. పౌరులు కానివాళ్లు తొందరలో అక్కడ అవునని టిక్కు పెడితే తర్వాత పౌరసత్వ దరఖాస్తుకే ముప్పు, దేశం నుంచి పంపించేసే దాకా వెళ్లొచ్చు. ఇక ప్రశ్నలు అడగండి.