కార్బురేటర్ విప్పేముందు పైపులు చూడండి

శ్రోతలందరికీ నమస్కారం. మన వైజాగ్‌లో ఇప్పటికీ పాత మారుతి 800లు, జెన్‌లు, ఓమ్నీలు తిరుగుతూనే ఉన్నాయి, 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ అయిపోయినా ఫిట్‌నెస్ చేయించి మరీ ఉంచుకున్నవాళ్లు ఉన్నారు, ఈ పూట కబుర్లు వాళ్లకోసమే.

సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణుకుతుంది, ఇంజిన్ ఒకసారి దానంతటదే రైజ్ అవుతుంది, ఇంకోసారి ఆగిపోయేంత కిందకి దిగుతుంది, ఏసీ వేశామా ఇక చచ్చిందే. షెడ్డుకి తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వచ్చే మాట "కార్బురేటర్ పోయింది సార్". కార్బురేటర్ అంటే పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం. అది పోయుండొచ్చు, కాదనను. కానీ దాని మీద స్క్రూడ్రైవర్ పెట్టేముందు చుట్టూ ఉన్న సన్నటి నల్ల రబ్బరు పైపులు చూడమనండి.

ఆ పైపుల పనేంటంటే, పెట్రోల్ ఇంజిన్‌లో పిస్టన్ కిందకి దిగుతూ గాలి లాగుతుంది, మనం యాక్సిలరేటర్ తొక్కనప్పుడు థ్రాటిల్, అంటే గాలి దారిలోని తలుపు, దాదాపు మూసే ఉంటుంది కాబట్టి మానిఫోల్డ్‌లో, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల్లో, వాక్యూమ్ తయారవుతుంది. ఆ లాగుడుతోనే డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్క్ టైమింగ్ ముందుకి జరుగుతుంది, మనం తొక్కే బ్రేక్‌కి బలం కలిపే బ్రేక్ బూస్టర్ పనిచేస్తుంది, కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ కొట్టే ఎంపీఎఫ్ఐ బళ్లలో చాలావాటిలో అయితే మ్యాప్ సెన్సర్ ఆ వాక్యూమ్ చూసే ఎంత పెట్రోల్ కొట్టాలో కంప్యూటర్‌కి చెప్తుంది. వాక్యూమ్ గేజ్ పెట్టి చూస్తే బాగున్న ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే తిరిగేటప్పుడు, 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) దాకా చూపిస్తుంది, మనది సముద్రమట్టం కాబట్టి ఈ లెక్క మనకి సరిగ్గా సరిపోతుంది, అదే బండిని అరకు తీసుకెళ్లి చూస్తే ఎత్తు వల్ల ఓ మూడు అంగుళాలు తగ్గుతుంది, కంగారు పడక్కర్లేదు.

పైపుకి చిల్లు పడితే లెక్కలోకి రాని గాలి లోపలికి దూరుతుంది, గాలితో పోలిస్తే పెట్రోల్ తగ్గి మిస్సింగ్, అంటే ఇంజిన్ తడబడటం, మొదలవుతుంది. అప్పుడు కార్బురేటర్ స్క్రూ తిప్పి పెట్రోల్ పెంచేస్తే ఐడిల్ నిలబడినట్టే ఉంటుంది గానీ చిల్లు అలాగే ఉంటుంది, పైగా మైలేజీ పోతుంది. ఇది నాకు ఒళ్లు మండే విషయం, ట్యూనింగ్ పేరుతో ఎక్కువగా జరిగేది ఇదే.

ఈ పైపులు పైకి నల్లగా బాగానే కనిపిస్తాయి, అందుకే మోసపోతాం. నిప్పిల్ మీదకి, అంటే పైపు తొడిగే బుల్లి గొట్టం మీదకి, ఎక్కే చివర ఉంటుంది చూడండి, అక్కడ వేలితో కొంచెం వంచండి, సన్నటి గీతలు నోరు తెరుస్తాయి. ఇంజిన్ వేడికి, ఆయిల్ ఆవిరికి రబ్బరు గట్టిపడి పెళుసవుతుంది, ఇంకోచోట నాని మెత్తబడి జారిపోతుంది. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లకి ఉప్పు గాలికి క్లిప్పులు కూడా తుప్పు పడతాయి, పైపుతోపాటు అవీ మార్చేయండి. చిల్లు ఎక్కడో తెలియకపోతే ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఒక్కో పైపునీ ప్లయర్‌తో మెల్లిగా నొక్కి చూడండి, ఏది నొక్కితే ఐడిల్ సర్దుకుందో అనుమానం దాని మీదే. కొంతమంది కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి చూస్తారు, వేడి ఇంజిన్ మీద అది అంటుకుంటే తమాషా కాదు, వద్దు.

మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి పీకేయకండి, ముందు ఫోన్‌తో ఫొటో తీసుకుని ఒకటి పీకి దాని బదులు ఒకటి ఎక్కించండి. పాతది రాకపోతే బలంగా లాగొద్దు, ప్లాస్టిక్ నిప్పిల్ పుటుక్కున విరిగిందంటే ఖర్చు రెండింతలు, బ్లేడుతో పొడుగునా కోసి ఒలిచేయండి. పాత ముక్క పట్టుకుని గాజువాక ఆటోనగర్ వెళ్లి లోపలి సైజు సరిచూసి కొనండి, 4 మిల్లీమీటర్ల నిప్పిల్‌కి 6 మిల్లీమీటర్ల పైపు పెట్టి క్లిప్పు బిగిస్తే కుదరదు. అక్వేరియం పైపు పెట్టిన బళ్లు కూడా ఉన్నాయి, వేడికి అది మెత్తబడి లోపలికి అతుక్కుపోతుంది. రంగురంగుల సిలికాన్ పైపులు వేడికి బాగానే ఆగుతాయి గానీ పెట్రోల్, ఆయిల్ తగిలేచోట ఉబ్బిపోతాయి, అక్కడ పెట్టొద్దు.

ఇక బ్రేక్ బూస్టర్ పైపు. ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దండి, లోపల నూలు అల్లికతో వచ్చే మందపాటి పైపే వేయించండి, మధ్యలో వన్-వే వాల్వ్ ఉంటే బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండాలి. డీజిల్ బళ్లలో థ్రాటిల్‌తో వచ్చే వాక్యూమ్ ఉండదు కాబట్టి వేరే పంపు ఉంటుంది, చాలావాటిలో ఆల్టర్నేటర్ వెనకే, అక్కడి పైపు కూడా ఇలాగే చూడాలి.

పని అయ్యాక ఇంజిన్ వేడెక్కనిచ్చి ఐడిల్ స్క్రూ మళ్లీ సెట్ చేయండి, ఎందుకంటే పాత సెట్టింగ్ చిల్లుని లెక్కేసుకుని పెట్టింది. తర్వాత ఇంజిన్ ఆపేసి బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కండి, కాలు అలాగే పెట్టి స్టార్ట్ చేయండి, పెడల్ కొంచెం కిందకి దిగాలి. దిగలేదంటే బూస్టర్‌కి వాక్యూమ్ అందట్లేదు, అది తేలేదాకా ఆ బండిని సింహాచలం కొండ వైపు గానీ అనంతగిరి ఘాట్ వైపు గానీ తిప్పకండి.