కెమెరా మీద కండువా

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, పెన్షనర్ల సంఘం మిత్రులకు, ముందు వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. ఇంటర్నెట్‌తో పనిచేసే ఇంటి పరికరాల గురించి మాట్లాడమని గ్రంథాలయాధికారి గారు అడగగానే ఒప్పుకున్నాను. పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్లు ఎలక్ట్రానిక్స్ చెప్పినవాణ్ణి కాబట్టి విషయం తెలుసన్న ధైర్యం ఎలాగూ ఉంది. దానికన్నా బలమైన కారణం, మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చాలాకాలంగా మనసులో మెదులుతూ ఉండడం. దానితోనే మొదలుపెడతాను.

మా అమ్మకు 81 ఏళ్లు. ఊళ్లో పాత పెంకుటింట్లో ఒక్కతే ఉంటుంది. పట్నం వచ్చి నా దగ్గర ఉండమంటే తులసికోటను, పెరట్లోని జామచెట్టును చూపించి ఊరుకుంటుంది. మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. రెండేళ్ల క్రితం వచ్చినప్పుడు, అమ్మ ఎలా ఉందో రోజూ చూసుకోవచ్చని హాల్లో టీవీ అలమర మీద ఒక కెమెరా పెట్టించాడు. అరచేతిలో ఇమిడే తెల్లటి బుల్లి కెమెరా. తల అటూ ఇటూ తిప్పుతుంది, చీకట్లోనూ చూస్తుంది, అవతలివాళ్లు మాట్లాడితే ఆ గొంతు ఇక్కడ వినిపిస్తుంది. నాలుగు నెలలు గడిచాక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, కెమెరాలో ఏమీ కనిపించడం లేదు. నెట్ బాగానే ఉంది. ఒకసారి వెళ్లి చూడు" అన్నాడు. వెళ్లాను. కెమెరాకు ఏమీ కాలేదు. మా నాన్న జరీ అంచు కండువా నాలుగు మడతలు పెట్టి దాని మీద కప్పి ఉంది. జారిపోకుండా పైన అగరుబత్తుల పెట్టె పెట్టి ఉంది.

ఏమిటమ్మా ఇది అని అడిగాను. "తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. గోడలోంచి వాడి గొంతు వచ్చింది, 'అమ్మా, బీపీ మాత్ర వేసుకున్నావా' అని. గుండె ఝల్లుమంది. కొడుకు గొంతు వింటే సంతోషం కలగాలి గానీ, నా ఇంట్లో నేను ఉలిక్కిపడడం ఏమిట్రా?" అంది.

నేను ఆ కండువా తీయలేదు. ఆ రోజు నుంచి ఇలాంటి పరికరం ఏది చూసినా, ఇది ఎవరి మాట వింటుంది, ఇంట్లో ఉండేవారి మాటా, ఇంకెవరి మాటా అన్నదే ముందు చూస్తున్నాను.

వీటి పుట్టుకలో ఈ చిక్కు లేదు. తయారుచేసినవారూ వాడుకున్నవారూ ఒక్కరే కావడమే అందుకు కారణం. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఒక కోకాకోలా యంత్రం ఉండేది. పరిశోధకుల గదులు దానికి దూరం. తీరా నడిచి వెళితే సీసాలు అయిపోయి ఉండేవి, లేదా అప్పుడే నింపినందువల్ల వెచ్చగా ఉండేవి. 1982 ప్రాంతంలో వాళ్లకు ఒక ఉపాయం తట్టింది. యంత్రంలో ఒక్కో వరుసకు ఒక చిన్న దీపం ఉంటుంది. సీసా తీసుకుంటే ఆ దీపం కొద్ది సెకన్లు వెలిగి ఆరిపోతుంది. వరుస ఖాళీ అయితే మళ్లీ నింపేదాకా వెలుగుతూనే ఉంటుంది. ఆ దీపాలను తీగలతో కంప్యూటర్‌కు కలిపారు. దీపం ఎంతసేపు వెలిగిందో లెక్కపెడితే చాలు, ఏ వరుసలో సీసాలున్నాయో, ఎప్పుడు నింపారో తెలిసిపోతుంది. నింపి మూడు గంటలు దాటితే 'చల్లగా ఉంది' అని తెర మీద చూపేవారు. ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్‌లో ఎక్కడి నుంచైనా ఆ సంగతి అడిగి తెలుసుకోవచ్చు. పిల్లలూ, ఈ ఉపాయాన్ని మీరు ప్రత్యేకంగా గమనించాలని నా కోరిక. సీసాలు లెక్కపెట్టడానికి కొత్త యంత్రమేదీ తయారుచేయలేదు. ఉన్న దీపాన్ని ఓపికగా గమనించారు, అంతే. నా దృష్టిలో ఇంజినీరింగ్ అంటే ఇదే.

తర్వాత 1990లో జాన్ రోమ్‌కీ అనే ఇంజినీరు ఒక ప్రదర్శనలో ఇంటర్నెట్ ద్వారా రొట్టెలు కాల్చే టోస్టర్‌ను చూపించాడు. మీట నొక్కే పని ఇంటర్నెట్ చేసింది గానీ, రొట్టె ముక్కను మాత్రం చేత్తోనే పెట్టాల్సి వచ్చింది. ఇలా వస్తువులను ఇంటర్నెట్‌కు కలపడాన్ని సూచించే 'ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్' అనే మాటను 1999లో కెవిన్ ఆష్టన్ వాడుకలోకి తెచ్చాడు. నోటితో చెబితే విని పనిచేసే అమెజాన్ ఎకో స్పీకర్ 2014లో అమెరికాలో వచ్చింది, 2017లో మన దేశానికి వచ్చింది. అదే 2014లో ఎస్ప్రెసిఫ్ అనే చైనా కంపెనీ తెచ్చిన గోరంత వైఫై చిప్పు పేరు, ఈఎస్‌పీ 8266, ఎక్కువమందికి తెలియదు. మీ ఇంటికి ఈ పరికరాలు ఇంత చవకగా రావడంలో దాని పాత్ర చాలా పెద్దది. అంతకుముందు ఒక వస్తువును వైఫైకి కలపడమంటే ఖర్చుతో కూడిన పని. ఈ చిప్పు వచ్చాక బల్బు, ప్లగ్గు, ఫ్యాను, అన్నీ ఆ దారి పట్టాయి.

అయితే ఆ బల్బు ఎలా వెలుగుతుందో చూడండి. మీరు సోఫాలో కూర్చుని ఫోనులో మీట నొక్కుతారు. బల్బు మీ నెత్తి మీదే ఉంది. కానీ చాలా పరికరాల్లో మీ ఆదేశం ముందు ఇల్లు దాటి, ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌ను, అంటే వాళ్ల పెద్ద కంప్యూటర్‌ను చేరుతుంది. సర్వర్ ఒప్పుకున్నాక తిరిగి మీ బల్బుకు వస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది కాబట్టి మనకు తెలియదు. నెట్ పోయిన రోజున తెలుస్తుంది. ఆ సర్వర్‌నే మూసేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. రివాల్వ్ అనే కంపెనీ ఇంటి పరికరాలన్నింటినీ ఒక్కచోట నుంచి నడిపే పెట్టెను సుమారు 300 డాలర్లకు అమ్మింది. 2014లో ఆ కంపెనీని గూగుల్‌కు చెందిన నెస్ట్ కొనుక్కుంది. 2016 మే నెలలో ఆ సేవను నిలిపివేశారు. పెట్టెలు పాడుకాలేదు, లోపల ఒక్క తీగ కూడా తెగలేదు. అయినా అవి పనికిరాకుండా పోయాయి. డబ్బు పెట్టి కొనుక్కుని గోడకు బిగించుకున్న వస్తువు ప్రాణం వేరొకరి చేతిలో ఉండడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అందుకే కొట్టులో మొదట అడగాల్సింది రంగులు ఎన్ని అని కాదు, 'నెట్ లేకపోయినా పనిచేస్తుందా' అని. 2022లో 'మేటర్' అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. అది ఉన్న పరికరాలు ఇంట్లోని నెట్‌వర్క్ పరిధిలోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు. అట్టపెట్టె మీద ఆ గుర్తు కోసం చూడండి.

ఇంకో చిన్న సంగతి. స్మార్ట్ బల్బు పెట్టిన ఇళ్లలో గోడ మీది స్విచ్ దగ్గర గొడవ మొదలవుతుంది. పెద్దవాళ్లు పడుకునే ముందు అలవాటుగా స్విచ్ ఆపుతారు. బల్బుకు కరెంటు అందదు కాబట్టి పిల్లలు ఫోనులో ఎంత నొక్కినా వెలగదు. తప్పు పెద్దవాళ్లది కాదు, యాభై ఏళ్లుగా ఆ చేతికి అదే అలవాటు. స్విచ్ బోర్డు వెనుక అమర్చే చిన్న మాడ్యూళ్లు దొరుకుతాయి. ఎలక్ట్రీషియన్ చేత అది పెట్టించుకుంటే మామూలు బల్బే చాలు, గోడ స్విచ్ ఎప్పటిలాగే పనిచేస్తుంది, ఫోనూ పనిచేస్తుంది. చాలా మాడ్యూళ్లకు న్యూట్రల్ తీగ, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, కావాలి; అది బోర్డులోకి వచ్చిందో లేదో మాత్రం ముందే చూపించుకోండి.

గీజర్ ఉన్నవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 3000 వాట్ల గీజర్‌ను 230 వోల్టులతో భాగిస్తే 13 ఆంపియర్లు వస్తుంది. 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గు దాన్ని మోయలేదు. మా వీధిలో ఒకరు అలాగే పెడితే వారం తిరక్కుండానే ప్లాస్టిక్ కమిలిన వాసన ఇల్లంతా కమ్మింది. అదృష్టం కొద్దీ ఇంట్లో మనుషులున్నారు. గీజర్‌కు 16 ఆంపియర్ల ప్లగ్గే వాడండి. ఈ విషయంలో వంద రూపాయలు మిగుల్చుకోవాలని చూడవద్దు.

మన రైతుల గురించి చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తి కాదు. దూరం నుంచి యంత్రాన్ని నడపడం మనకు పట్నాల్లోని స్పీకర్లతో రాలేదు, బోరుబావి దగ్గరి స్టార్టర్ డబ్బాతో వచ్చింది. వ్యవసాయానికి కరెంటు అర్ధరాత్రి ఇచ్చిన రోజుల్లో టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచి వెళ్లి మోటారు వేయాల్సి వచ్చేది. పాములు, తడిసిన వైర్లు, కాలు జారే బురద. ఈ బాధకు రెండు పరిష్కారాలు వచ్చాయి. ఒకటి ఆటో స్టార్టర్. కరెంటు రాగానే మోటారు దానంతట అదే నడుస్తుంది. పొలానికి నీళ్లు కావాలా వద్దా అన్నది దానికి అనవసరం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చే ముందు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. అవి ఉంటే మోటార్లు ఆగకుండా నడిచి భూగర్భ జలాలు అడుగంటుతాయన్నది భయం. రెండోది మొబైల్ స్టార్టర్. డబ్బాలో ఒక సిమ్ ఉంటుంది. రైతు ఇంటి నుంచి ఫోన్ చేస్తాడు. కరెంటు ఉందో లేదో, ఫేజు పోయిందేమో డబ్బా చెబుతుంది. రైతు వేయమంటే మోటారు వేస్తుంది, ఆపమంటే ఆపుతుంది. పుణెకు చెందిన ఇంజినీరు సంతోష్ ఓస్త్వాల్ 'నానో గణేశ్' పేరుతో ఇలాంటిదాన్ని స్మార్ట్ ఇళ్ల మాట మన దగ్గర వినబడక ముందే రైతులకు అందించాడు. ఆ రెండు డబ్బాలూ ఒకే గోడకు, ఒకే మోటారుకు బిగించినవే. మొదటిది రైతుకు చెప్పకుండా నడిచింది, రెండోది రైతును అడిగి నడిచింది. మా అమ్మ అడిగినదానికి సగం జవాబు నాకు అక్కడ దొరికింది.

మిగతా సగం తాళం సంగతి. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా తిరిగి లక్షల కెమెరాలను, రికార్డింగ్ పెట్టెలను, రౌటర్లను లొంగదీసుకుంది. అది గొప్ప తెలివితేటలేమీ చూపలేదు. ఫ్యాక్టరీలో పెట్టిన పేర్లు, పాస్‌వర్డ్‌ల జాబితా, సుమారు 60 జతలు, దాని దగ్గర ఉంది. 'అడ్మిన్', '12345' లాంటివి. తలుపు తలుపూ తట్టి ఆ తాళంచెవులు ఒక్కొక్కటే తిప్పి చూసింది. కొన్నవారు మార్చలేదు కాబట్టి తెరుచుకున్నాయి. ఆ ఏడాది అక్టోబరు 21న ఇలా లొంగిన పరికరాలెన్నో కలిసి, వెబ్‌సైట్ల పేర్లను ఇంటర్నెట్ చిరునామాలుగా మార్చిపెట్టే డైన్ అనే కంపెనీ మీద దాడి చేస్తే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి సరిగా అందలేదు. ఎవరి ఇంటి గుమ్మానికో బిగించిన కెమెరా, ఆ ఇంటివారికి తెలియకుండానే దాడిలో పాల్గొంది. బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి ఇలాంటి సులువైన ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లను చట్టం ద్వారా నిషేధించింది. మన కేంద్ర ప్రభుత్వం సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. మంచిదే. కానీ మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న పాత కెమెరాకు ఆ చట్టం వచ్చి పాస్‌వర్డ్ మార్చదు.

తాళం బయటివారి చేతిలో పడితే ఒక బాధ, తయారుచేసినవారి చేతిలోనే ఉండిపోతే ఇంకో బాధ. రింగ్ కెమెరాల కంపెనీలో ఉద్యోగులు, కాంట్రాక్టర్లు ఖాతాదారుల ఇళ్ల లోపలి వీడియోలు చూడగలిగారని అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఆరోపించింది. 2023లో 58 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుని ఆ కంపెనీ కేసు ముగించుకుంది. పడకగదిలో, స్నానాల గది వైపు, అమ్మాయిలు చదువుకునే గదిలో కెమెరా పెట్టవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. వాకిట్లో పెట్టండి, గేటు వైపు తిప్పండి. వీడియో కంపెనీ సర్వర్‌కు పోకుండా కెమెరాలోని మెమరీ కార్డులోనే ఉండేలా పెట్టుకునే వీలుంటే అలాగే పెట్టుకోండి.

ఇక మా అమ్మ సంగతి. కెమెరాను వరండాకు మార్చాం. దాని యాప్‌ను అమ్మ ఫోనులో వేసి, ఖాతా ఆమె పేరునే తెరిచాను. పాలవాడు వచ్చాడో లేదో, గేటు దగ్గర ఎవరున్నారో ఇప్పుడు ఆమె చూసుకుంటుంది. తమ్ముడికి మాత్రం బెంగ తీరలేదు. అమ్మ లేచిందో లేదో ఎలా తెలియాలి అన్నాడు. ఆ మాట ఆమెనే అడిగాం. "పొద్దున లేవగానే పెరటి తలుపు తీస్తాను కదా, అది తెలిస్తే చాలదా?" అంది.

ఆ తలుపుకు ఒక సెన్సర్ పెట్టాను. ఇదిగో, అలాంటిదే తెచ్చాను, ముందు వరుస నుంచి వెనక్కు పంపండి. రెండు ముక్కలు. చిన్నదానిలో అయస్కాంతం ఉంది, తలుపుకు అంటించాలి. పెద్దదానిలో గాజు గొట్టం, అందులో రెండు సన్నటి లోహపు రేకులు ఉన్నాయి, దీన్ని ద్వారబంధానికి అంటించాలి. తలుపు మూసి ఉన్నంతసేపు అయస్కాంతం ప్రభావంతో ఆ రేకులు అతుక్కుని ఉంటాయి. తలుపు తీయగానే విడిపోతాయి. ఆ విడిపోవడమే సందేశం. ఇందులో కన్ను లేదు, చెవి లేదు. 'పెరటి తలుపు తెరుచుకుంది' అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ బయటకు పోదు.

మొన్న సోమవారం ఆ సందేశం తెల్లవారుజామున నాలుగున్నరకే వచ్చింది. డల్లాస్‌లో అప్పుడు సాయంత్రం ఐదు. తమ్ముడు కంగారుగా అమ్మకు ఫోన్ చేశాడు, ఈసారి గోడలోంచి కాదు, ఫోనులోనే. "కార్తీక సోమవారంరా, దీపం పెట్టుకోవద్దూ?" అని అమ్మ నవ్విందట. ఆ మాట నాకు చెబుతూ వాడు చాలాసేపు మాట్లాడాడు.

మీలో కొందరు కెమెరాలు, రౌటర్లు వెంట తెచ్చుకున్నారని గమనించాను. వరండాలో బల్ల వేయించారు, పాలిటెక్నిక్ విద్యార్థులు నలుగురు సాయం ఉంటారు. చాలా పరికరాల వెనుక స్టిక్కర్ మీద ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఉంటుంది. దాన్ని మార్చడానికి ఒక్కొక్కరికి పది నిమిషాలు పడుతుంది, ఎవరూ తొందరపడవద్దు. కొత్త పాస్‌వర్డ్ మీరే ఎంచుకుని మీ చేత్తోనే కొట్టండి. నాకు గానీ, పిల్లలకు గానీ చెప్పకండి. మీరు కొట్టేటప్పుడు మేమందరం అటు తిరిగి నిలబడతాం.