జెండా కట్టని ఫ్లాట్ నంబరు: జాతీయవాదం మేలా, కీడా?

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చ. ఆగస్టు 15న జెండా కట్టని ఫ్లాట్ల నంబర్లు ఒక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడంతో మొదలైన గొడవ ఇది. నలుగురికీ సమాన సమయం అని ముందే చెప్పారు.)

యాంకర్: బెజవాడలో పుట్టిన జెండాకి బెజవాడలోనే ఈ గతా? లాయర్ గారూ, ముందు మీరు.

లాయర్: జెండా ఎగరేసుకోవడం పౌరుడి హక్కని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. హక్కంటే ఇష్టమైతే వాడుకునేది. 304 వాళ్లు కట్టలేదు చూడండి అంటూ...

మాజీ సుబేదార్: ఒక్క నిమిషం మేడమ్. పాతిక రూపాయల జెండా! కట్టడానికి అంత బరువా?

లాయర్: ఆ 304లో పెద్దావిడ ఆ వారం ఆస్పత్రిలో ఉందండీ...

సుబేదార్: 1999లో కార్గిల్‌లో 527 మంది పోయారు. వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లు లేరా?

యాంకర్: నిజమే. మాస్టారూ, 1921లో పింగళి వెంకయ్య గారు ఇక్కడే గాంధీ గారికి జెండా చూపించారు. మరి మనకి దేశభక్తి ఇంకాస్త ఎక్కువే ఉండాలి కదా?

రిటైర్డ్ లెక్చరర్: ఆయన చూపించింది ఎరుపు, ఆకుపచ్చ. ఆ రెండింటిలో ఇమడని మిగతావాళ్ల కోసం తెలుపు చేర్చమన్నారు గాంధీ గారు. అదే ఏడాది చీరాల జనం మునిసిపాలిటీ పన్ను కట్టబోమని ఊరు ఖాళీ చేసి, బయట పాకలేసుకున్నారు. ఆ జాతీయవాదం సర్కారుని నిలదీసింది. ఇప్పటిది పక్క ఫ్లాట్‌వాణ్ణి నిలదీస్తోంది.

సుబేదార్: నిలదీస్తే తప్పేంటి? తాడేపల్లిగూడెం పక్కన మాధవరం వెళ్లి చూడండి. ఇంటింటా సైనికుడే!

లెక్చరర్: చూశాను. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లినవాళ్లు ఎవరి జెండా కింద వెళ్లారండీ?

సుబేదార్: మావాళ్లని అనకండి!

లెక్చరర్: వాళ్లని అనలేదు, నేనడిగింది...

(దీనికి జవాబు రాలేదు, గొంతు పెరిగింది. కాసేపు ఎవరి మాటా వినబడలేదు.)

మంగళగిరి నేత కార్మికుడు: నన్నూ పిలిచారు కదండీ. జెండా అంటే చేత్తో వడికి, చేత్తో నేసిన బట్టే ఉండేది. 2021 డిసెంబరులో రూలు మార్చి మిషన్ మీద చేసిన పాలిస్టర్‌కీ ఒప్పుకున్నారు. పదహారో తారీఖు పొద్దున బందరు రోడ్డు డివైడర్ పక్కన చూడండి, పుల్లలతో సహా బురదలో...

యాంకర్: అది చేనేత చర్చ, ఇంకోరోజు పెట్టుకుందాం. సుబేదార్ గారూ, జెండా పుట్టిన ఊళ్లో ఇలా జరిగితే మీకెలా ఉంది?

సుబేదార్: అదే చెప్తున్నా! పాతిక రూపాయలు! సియాచిన్‌లో మైనస్ చలిలో...

లాయర్: ఇది మూడోసారి చెప్పడం.

సుబేదార్: ముప్పైసార్లు చెప్తా!

యాంకర్: ఇరవై సెకన్లే ఉంది. లాయర్ గారూ, ముగించండి.

లాయర్: ఆ నంబర్లు గ్రూపులోంచి తీశారా లేదా అని...

సుబేదార్: ఎందుకు తీయాలి? ఉండనివ్వండి!

యాంకర్: ఆ మాటతో బ్రేక్. బ్రేక్ తర్వాత వాతావరణం.